ఫ్లాస్కు అడుగున తెల్లపొడి

చెరువు పూడికమట్టి సంచి విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. కుళ్ళిన తామరాకు, ఎండిన చేప పొలుసు, తడిసి ఆరిన గోనెసంచి, అన్నీ కలిసిన వాసన. ఈ ఉదయం అలాంటి సంచి ఒకటి విప్పాను. ఆరబెట్టి, దంచి, జల్లించి ఉంచిన మట్టిని కొంచెం తూచి ఫ్లాస్కులో వేసి, నైట్రిక్ యాసిడ్ పోసి, హాట్‌ప్లేట్ మీద పెట్టాను. మట్టి బుసబుసమని నురగెత్తింది. కాసేపటికి ఇటుకరంగు పొగ లేచింది. పొగను పైకి లాగే ఫ్యాను ఎంత తిరిగినా కొంత బయటికి వస్తుంది. అది గొంతులో గీరుకుంటుంది. ఆ గీరుడుతోపాటే అనసూయ మేడం వస్తారు. ఆమెను తలచుకోవాలని నేనెప్పుడూ అనుకోను. తలచుకోకుండా ఉండాలనే చూస్తాను. ఇన్నేళ్ళయినా నాకు వీలు కాలేదు.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. హన్మకొండలో ఒక మేడమీద ఉన్న చిన్న ప్రైవేటు మట్టి పరీక్షల ల్యాబులో పెద్ద కెమిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటారు. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తిమీదే. ఆమె గురించి మంచిగా రాయమని కొందరు నన్ను అడిగారు. మంచిగానే రాస్తాను, కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను ఎవరేమన్నా నాకు గుర్తుంటుంది. ఎక్కడ అన్నారో, ఎవరి ముందు అన్నారో, అప్పుడు నేను ఏ చీర కట్టుకున్నానో కూడా గుర్తుంటుంది. మా అమ్మ దీన్ని జబ్బంటుంది. నేను జ్ఞాపకశక్తి అంటాను.

ముందు పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మట్టిలో సీసం ఎంతుందో తెలియాలంటే మట్టిని మట్టిగా యంత్రానికి పెట్టలేం. యాసిడ్లో కాచి, మట్టి పట్టుకున్న లోహాలను నీళ్ళలోకి దించాలి. దాన్ని మేము డైజెషన్ అంటాం, అంటే అరిగించడం. అరిగినదాన్ని వడగట్టి, ఆ నీళ్ళను యంత్రానికి పెడితే అంకె వస్తుంది. అరగనిది వడపోత కాగితం మీద మిగిలిపోతుంది. దాన్ని పారేస్తాం. పారేసిన దాంట్లో ఏముందో యంత్రానికి తెలియదు. దానికి ఏది పెడితే దాని గురించే చెబుతుంది. మా గొడవంతా ఆ పారేసిన దాని దగ్గరే మొదలైంది.

ఉద్యోగానికి వెళ్ళిన రోజే ఆమె నన్నొక మాట అన్నారు. "ఏ ఊరమ్మా?" అన్నారు. మరిపెడ అన్నాను. "మీ బాపు ఏం జేస్తడు?" "రోడ్డు మీద బ్యాటరీల షాపు మేడం. చార్జింగ్ పెడ్తడు, రిపేర్ చేస్తడు." "అంటే యాసిడ్ అంటే నీకు భయం లేదన్నట్టు." మెచ్చుకుంటున్నారనుకొని, "అస్సలు లేదు మేడం," అన్నాను. ఆమె కళ్ళజోడు నెత్తిమీంచి దించి నన్ను చూశారు. "గదే నా భయం," అన్నారు. ఎం.ఎస్సీ.లో నా మార్కుల గురించి ఒక్కమాట అడగలేదు. నా సర్టిఫికెట్ల కవరు విప్పను కూడా విప్పలేదు.

చేరిన కొత్తలోనే ఇంకొకటి జరిగింది. చెరువు మట్టిని నైట్రిక్‌లో కాస్తున్నాను. ఆ తర్వాత మూడు యాసిడ్లు కలిపిన మిశ్రమం పోయాలి. పోయబోతుంటే వెనక నుంచి ఎవరో నా చున్నీ పట్టి గుంజారు. చున్నీ చిరిగిన చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. తిరిగి చూస్తే మేడం.

"ఏం జేస్తానవ్?"

"మూడు యాసిడ్లది పోస్తాన్న మేడం."

"ఎర్రపొగ పోయిందా? నురగ దిగిందా? చెరువు మట్టంటే ఏమనుకున్నవ్, ఇసుకనా? అండ్ల ఆకులు, అలములు, చచ్చిన చేపలు అన్నీ ఉంటయ్. నైట్రిక్‌తోని ముందు అదంత సల్లవడాలె. కడుపు మండుతున్నోని చేతికి అగ్గిపెట్టె ఇస్తరా ఎవరన్న?"

ఆ మిశ్రమంలో పర్క్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అరగని ఆకూఅలము మీద వేడివేడిగా పడితే పేలుతుంది. అది నాకు పుస్తకంలో తెలుసు. మా ల్యాబులో ఏ మట్టికి ఎంతసేపు ఆగాలో చెప్పవలసింది ఆమె. చెప్పలేదు. చెప్పకుండా అందరి ముందు గుంజారు. మర్నాడు చున్నీ సంగతి ఎత్తుతారేమోనని చూశాను. "కోటు గుండీలన్ని పెట్టుకో, చున్నీ లోపలికి తోసుకో," అన్నారు. అంతే. అప్పటినుంచి ఇప్పటిదాకా పొగ రంగు పూర్తిగా పోయేవరకు నేను రెండో యాసిడ్ ముట్టుకోలేదు. నా చెయ్యి కాలలేదు, కన్ను పోలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నానా అంటే ఉన్నాను. చున్నీ మాత్రం చిరిగిందే.

ఆమె పద్ధతులు ఆమెవి. ఏ రిపోర్టు మీదా ఊరికే సంతకం పెట్టరు. వడగట్టకముందు ఫ్లాస్కులన్నీ తన బల్ల మీదికి తెప్పించుకుంటారు. ఒక్కొక్కటీ మెడ దగ్గర పట్టుకుని, కిటికీ వెలుగుకెత్తి, గిర్రున ఒకసారి తిప్పి అడుగున ఏం మిగిలిందో చూస్తారు. మేము అంకెలు చెప్పబోతే వినరు. "అంకె తర్వాత. అడుగు చూసినవా?" అంటారు. చూశామంటే, "ఎట్లున్నది?" అంటారు. బాగుందంటే ఒప్పుకోరు. రంగు చెప్పాలి, గరుకో మెత్తనో చెప్పాలి, గోడకు అంటిందో లేదో చెప్పాలి. ఒక గుడ్‌ఫ్రైడే రోజు నేను చర్చికి వెళ్ళాలని సెలవడిగితే, "పో, కానీ అడుగు చూసి పో," అన్నారు. మూడు గంటల ఆరాధనకు నేను చేరేసరికి మా పాస్టరుగారు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఆఖరి మాట మీద ఉన్నారు. దానికీ నేను ఆమెను క్షమించలేదు. క్షమించమనే ప్రసంగం మొదటి మాట మీదే అయిపోయింది, నేను దాన్ని విననేలేదు కదా.

ఆ మూడు యాసిడ్ల మిశ్రమం సంగతి చెప్పాలి. మా ల్యాబు పుట్టింది పంటల కోసం. పత్తి ఆకులు, మిర్చి ఆకులు, వరిగడ్డి తెస్తే వాటిలో పోషకాలు చూసేవాళ్ళు. ఆకుల్ని అరిగించడానికి నైట్రిక్, పర్క్లోరిక్, కొంచెం సల్ఫ్యూరిక్ కలిపిన మిశ్రమం బాగా పనిచేస్తుంది. దాన్ని మేడం తన చేత్తోనే కలిపేవారు. గోధుమరంగు పెద్ద బాటిల్లో పోసి, అరలో తన వైపు పెట్టుకునేవారు. తర్వాత లోహాలు చూడమని మట్టి నమూనాలు రావడం మొదలైతే, వాటికీ అదే బాటిల్ వాడారు. అది ఇంటి అలవాటు అయిపోయింది. ఇంటి అలవాటును ఎవరూ అడగరు.

కొమురయ్య కాక మా ల్యాబుకు వచ్చింది ఆ బాటిల్ రోజుల్లోనే. నర్సంపేట అవతల ఒక ఊరి రైతు. మిర్చి, పత్తి వేస్తాడు. ఎండాకాలం చెరువు ఎండితే పూడికమట్టి తవ్వి పొలాలకు కొట్టుకోవడం మా వైపు ఉన్నదే. ఆ నల్లమట్టి ఎరువుకంటే మేలంటారు. కానీ వాళ్ళ చెరువు మొగదల, అంటే వాననీళ్ళు లోపలికొచ్చే వైపు, ఒక షెడ్డు ఉండేదట. పాత బ్యాటరీలు పగలగొట్టి లోపలి సీసం తీసేవాళ్ళట. ఊరివాళ్ళు కొట్లాడి దాన్ని మూయించారు. షెడ్డు పోయింది, కానీ దాని మీద పడ్డ వానలన్నీ చెరువులోకే వచ్చాయి కదా. ఊళ్ళో మిగతావాళ్ళు ఏం కాదన్నారట. ఇతను మాత్రం సంచుల్లో మట్టి నింపుకుని బస్సెక్కి వచ్చాడు.

"మా మనుమడు మట్టి తింటడు మేడం," అన్నాడు. "అద్దంటే ఇనడు. బాయికాడ దించుడుతోనే బుక్క పెడ్తడు. గందుకే అడుగుతాన్న. పొలంల కొట్టుకోవచ్చునా, అద్దా? మీరు ఊ అంటే కొడత, లేకుంటే లేదు. వానలు పడేలోపు చెప్పుండ్రి."

సీసం పసిపిల్లల బుర్ర మీద పడుతుంది. అది మా అందరికీ తెలుసు. ఆ నమూనాలు నేనే అరిగించాను. అంకెలు తక్కువగానే వచ్చాయి. ఉండగూడనంత ఏమీ లేదు. అయితే మొగదల దగ్గర తీసిన మట్టి ఫ్లాస్కుల్లో అడుగున తెల్లగా ఏదో మిగిలింది. మిగతా ఫ్లాస్కుల్లోనూ తెల్లగా ఉంది, కానీ అది ఇసుకలా గరుకుగా, తిప్పితే జరజరమని జారుతోంది. ఇది పిండిలా ఉంది. గోడకు అంటుకుని జారడం లేదు. మేడం ఫ్లాస్కెత్తి చూశారు, తిప్పారు.

"ఇసుక," అన్నారు.

"ఇసుక లెక్క లేదు మేడం. పిండి లెక్క ఉన్నది. అంటుకున్నది."

"సన్నటి ఇసుక. చెరువు మట్టిల సన్నది ఎక్కువ ఉంటది. ఇసుకను యాసిడ్లు అరిగియ్యవ్, తెల్లగనే మిగులుతది. నువ్వు పుట్టకముందు నుంచి చూస్తాన్న ఈ తెలుపు."

"ఒకసారి వేరే తీరుగ అరిగిద్దాం మేడం. సల్ఫ్యూరిక్ లేకుండ."

అప్పటికి కొమురయ్య కాక రిపోర్టు కోసం వచ్చి బల్ల అవతల నిలబడే ఉన్నాడు. మేడం అతని వైపు తిరిగి నవ్వారు. "కొత్తగ వచ్చినోళ్ళకు తెల్లగ కనబడ్డదంత అనుమానమే కాక. నువ్వు ఫికర్ చెయ్యకు. కొట్టుకో," అని సంతకం పెట్టి ఇచ్చేశారు. అతనూ నవ్వాడు. పోతూ పోతూ నాతో, "బిడ్డా, గంత పరేషాన్ గాకు," అని నన్నే ఓదార్చాడు. ఆ నవ్వులు రెండూ నా చెవుల్లో ఉండిపోయాయి.

ఆ వారమంతా నాకు స్థిమితం లేదు. తింటుంటే ఆ పిండి గుర్తొచ్చేది. స్కూటీ మీద పోతుంటే గుర్తొచ్చేది. ఎక్కడో చూశాను దాన్ని, ఎక్కడో తెలియడం లేదు. ఆదివారం మరిపెడ వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఎవరో ఆటో అతను బ్యాటరీ చచ్చిపోయిందని మా బాపును బతిమాలితే, బాపు తెల్లచొక్కా మార్చుకోకుండానే షాపు తెరిచాడు. నేనూ వెంట వెళ్ళాను. బ్యాటరీకి తీగ బిగించే సీసం బొడిపె చుట్టూ తెల్లగా బూజులా పేరుకుని ఉంది. బాపు పాత బ్రష్షుతో దాన్ని గీకుతున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ గీకే పని నాదే.

"బాపూ, గిది నీళ్ళు పోస్తే పోదా?" అన్నాను.

"మరిచిపోయినవా? నీళ్ళకు కరగది బిడ్డా. సీసాన్ని యాసిడ్ తింటే గిట్ల తెల్లగ అయితది. గీకాల్సిందే." ఆ తర్వాత నా ముఖం చూసి, "గంత సదివిచ్చినం, మల్ల బ్రష్షే పట్టుకుంటవా ఏంది?" అని నవ్వాడు.

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. మా మిశ్రమంలో మూడోది కూడా సల్ఫ్యూరిక్ యాసిడ్. సీసానికి సల్ఫ్యూరిక్ తగిలితే నీళ్ళకు కరగని తెల్లపొడి అవుతుంది. అంటే సీసాన్ని బయటికి తీయాలని పోసిన యాసిడే దాన్ని తెల్లపొడి చేసి అడుగున కూర్చోబెడుతోంది. దాన్ని మేము ఇసుక అని వడగట్టి పారేస్తున్నాం. మిగిలిన నీళ్ళను యంత్రానికి చూపించి, సీసం లేదని రాస్తున్నాం. డిగ్రీలో చదివిన పాఠమే ఇది. అక్కడ అది పాఠం, ఇక్కడ బాటిల్. రెంటినీ కలిపి చూడాలని మా ల్యాబులో ఎవరికీ తోచలేదు.

సోమవారం మేడం కోటు వేసుకోకముందే చెప్పాను. ఆమె విన్నారు. "మరి మనం రికవరీ చూస్తం కదా. సీసం కలిపి చూసిన ప్రతిసారి మంచిగ వస్తాంది కదా," అన్నారు. రికవరీ అంటే, తెలిసినంత సీసాన్ని మేమే నమూనాలో కలిపి, అంతా తిరిగి అంకెలో వస్తుందో లేదో చూసుకోవడం. మేడం దానికో మాట చెప్పేవారు: దొంగను మనమే ఇంట్లో పెట్టి, పట్టుకోగలమా లేదా చూసుకోవడం. అయితే మా ల్యాబులో పని తొందరగా కావాలని, ఆ సీసాన్ని ముందు మట్టిలో కలపకుండా, చివర వడగట్టిన నీళ్ళలో కలిపేవాళ్ళం. యాసిడ్ల దగ్గరికే పోని సీసం పూర్తిగా తిరిగి రాక ఏమవుతుంది?

నాలో వారం రోజుల కోపం ఉంది. అనేశాను. "దొంగను ఇంట్ల పెట్టి పట్టుకుంటలేం మేడం. తీస్కపోయి పోలీస్ స్టేషన్ల కూసోపెట్టి, దొరికిండు దొరికిండు అంటున్నం."

ల్యాబులో అందరూ చేతుల్లో పని ఆపేశారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. మేడం కళ్ళజోడు దించి, తుడిచి, మళ్ళీ నెత్తిమీద పెట్టుకున్నారు. "ముందల్నే కలుపు. మట్టిలనే. రెండు తీర్ల అరిగియ్యి. మన బాటిల్‌తోని ఒకటి, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ రెండిట్లనే ఒకటి. నేను పక్కన కూసుంట," అన్నారు.

కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. నేనూ తినలేదు. యంత్రం చెప్పింది: మా బాటిల్‌లో అరిగించిన దాంట్లో, మేము కలిపిన సీసంలోనే చాలా భాగం కనబడకుండా పోయింది. రెండు యాసిడ్ల దాంట్లో దాదాపు అంతా వచ్చింది. కొమురయ్య కాక మొగదల మట్టిని కూడా రెండు యాసిడ్లలో చేశాం. వచ్చిన అంకె చూసి నేనే రెండుసార్లు తప్పనుకున్నాను. పొలంలో కొట్టాల్సిన మట్టి కాదది. పిల్లవాడు నోట పెట్టాల్సింది అసలే కాదు.

మేడం లేచి అరలోని గోధుమరంగు బాటిల్ తీశారు. దాని మీద "అన్ని నమూనాలకు" అని తన రాతతోనే అంటించిన చీటీ గోటితో గీకి తీసి, "ఆకులకు" అని రాసి అంటించారు. ఇక చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని నేను నిలబడ్డాను. "రూతూ, నువ్వన్నదే నిజం," అనే మాట. అది నాకు రావలసిన మాట. ఆమె, "కొమురయ్యకు ఫోన్ చెయ్," అన్నారు. చేశాను. ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాను. చివరికి అతని కోడలు ఎత్తి, "మామ చెరువుకాడ ఉన్నడు, ట్రాక్టర్లు నడుస్తానయ్," అంది. కొట్టడం ఆపమని చెప్పమంటే, సంతకం పెట్టిన రిపోర్టు ఉందిగా, ఎందుకాపాలె అని ఆమే నన్ను అడిగింది. మేడం నా చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టేశారు. "ఫోన్ల చెప్పేది కాదు ఇది. నీ స్కూటీ తియ్," అన్నారు.

నిప్పులు కురిసే ఎండ. ఆ వయసు మనిషి నా వెనక ఒక పక్కకు కూర్చుని, తలకు కొంగు చుట్టుకుని, నర్సంపేట దాకా, నర్సంపేట దాటి ఊరి దాకా. దారిపొడవునా ఆ ఒక్క మాట కోసం వెనక్కి చెవి పెట్టి నడిపాను. ఆమె మాట్లాడింది ఒక్కసారే. "గుంత చూస్కో," అన్నారు.

కట్ట మీద ఊరంతా ఉంది. మొగదలవైపే తవ్వుతున్నారు, అక్కడ మట్టి నల్లగా మంచిగా ఉందని. కొమురయ్య కాక పొలంలో కుప్పలు పడి ఉన్నాయి. ఒక మూల అప్పటికే దున్నడం కూడా అయిపోయింది. మేడం కట్ట మీదే నిలబడి చెప్పారు. గొంతు పెంచలేదు.

"మేం తప్పు చేసినం. మా పరీక్ష తప్పు. ఈ మట్టిల సీసమున్నది. కొట్టకుండ్రి."

ట్రాక్టర్లు ఆగిపోయాయి. కొమురయ్య కాక తలకున్న రుమాలు విప్పి చేతికి చుట్టుకున్నాడు. "మొన్న మంచిగున్నదని మీరే రాస్తిరి," అన్నాడు. "ఇయ్యాల మంచిగ లేదంటాన్రు. మట్టి మారిందా? మీరు మారిన్రా?"

"మట్టి మారలే కాక. అరిగిచ్చినంక అడుగున కొంత మిగిలింది. అది ఇసుక అనుకున్నం. అది సీసం. అడుగు సక్కగ చూడలే."

"చూడకుండనే సంతకం పెడ్తరా?" అని వెనకనుంచి ఒకడు. "నా మనుమడు గా కుప్పల మీదనే ఆడిండు నిన్న," అని కాక. అప్పుడు మేడం నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగి తన పక్కన నిలబెట్టుకున్నారు. "ఈ అమ్మాయి, నేను, ఇద్దరం చేసిన పరీక్ష ఇది. ఏమన్నా మమ్మల్ని అనుండ్రి. మట్టి మాత్రం తీసెయ్యుండ్రి. పిల్లగాన్ని రేపే దవాఖానకు తీస్కపోయి రక్తం చూపియ్యుండ్రి. నేను వస్త."

అన్నారు. ఊరివాళ్ళు నన్నూ అన్నారు. "సదువుకున్నోళ్ళు గిట్లనే ఉంటరా?" అని ఒక ముసలమ్మ నా ముఖంలో ముఖం పెట్టి అడిగింది. ఆ పొడిని చూపించింది నేను. వేరే తీరుగా చూద్దామన్నది నేను. ఈ కొమురయ్య కాక ముందు నవ్వులపాలైంది నేను. ఇప్పుడు అతని ముందే తప్పు చేసిన దానిలా తలొంచుకుని నిలబడ్డదీ నేనే. నోరు తెరిచి, నేను ముందే చెప్పాను అని అరవాలనిపించింది. నా మణికట్టు మీద ఆమె పట్టు బలంగా ఉంది. అది అరవనియ్యలేదు.

కుప్పలు తిరిగి ఎత్తించారు. దున్నిన మూల ఎత్తడం కుదరక, అంత మేర పైమట్టి గీకించి, కాక ఆ మూల ఏమీ వేయకుండా వదిలేశాడు. మర్నాడు మేడం నిజంగానే దవాఖానకు వెళ్ళారు. పిల్లవాడికి భయపడేంత ఏమీ లేదన్నాక, అక్కడి బెంచీ మీద ఆమె చాలాసేపు కూర్చుండిపోయారని కాక కోడలు తర్వాత చెప్పింది. మా ఓనరు మాత్రం మండిపడ్డాడు. "ఇచ్చిన రిపోర్టు వాపస్ తీస్కుంటే రేపటి సంది మన మెట్లు ఎవడు ఎక్కుతడు?" అని ఆమె దగ్గరనుంచి సంతకం పెట్టే అధికారం తీసేశాడు. ఆమె లేచి వచ్చేశారు. నేనైతే ఓనరు గదిలోంచి కదిలేదాన్ని కాదు. రిటైరయ్యేదాకా ఆమె కిటికీ పక్కన ఆకులు అరిగించుకుంటూ కూర్చున్నారు. సంతకం నాకు వచ్చింది. నాకే ఇవ్వమని చెప్పింది మేడమేనని ఓనరు ఎప్పుడో మాటల్లో అన్నాడు. ఆ సంగతి కూడా ఆమె నాతో అనలేదు.

రిటైరయ్యాక ఒకసారి హన్మకొండలోనే సుబేదారిలో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ప్రశ్న అడగడానికే వెళ్ళాను. చాయ్ ఇచ్చారు, చక్కెర తక్కువైంది. గ్లాసు కింద పెట్టి అడిగేశాను.

"ఆ రోజు కట్ట మీద నన్నెందుకు పక్కన నిలబెట్టుకున్నరు మేడం? తప్పు మీది. నేను ముందే చెప్పిన."

"అవును, చెప్పినవ్," అన్నారు తాపీగా.

"మరి ఆ మాట వాళ్ళ ముందట ఎందుకు చెప్పలే? కనీసం నాకన్న ఎందుకు చెప్పలే?"

"తప్పు ఒక ముసల్దానిదే అని చెప్తే వాళ్ళేమనుకుంటరు? ముసల్ది పోతె ఇంక ఆ ల్యాబుల తప్పు ఉండదనుకుంటరు. నువ్వు గూడ అదే అనుకుంటవ్. నాకు చాన ఏండ్లు తెల్వని తెలుపు ఉన్నది. నీకూ ఒకటి ఉంటది. ఆ రోజు ఎట్ల నిలబడాల్నో తెల్వాలె కదా నీకు."

"నాకు ఉండదు," అన్నాను.

"ఉండదా? మంచిది," అని నవ్వి, "చక్కెర తక్కువైనట్టున్నది, ఇంకింత వెయ్యాల్నా?" అన్నారు.

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. నా న్యాయం నాది. ఒక్క మాట అంటే ఆమెదేం పోయేది? అయినా ఆ రోజు నుంచి నేను సంతకం పెట్టబోయే ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది. నాకు తెలియని తెలుపు ఇందులో ఏదైనా ఉందా అని వెతుకుతాను. మా ల్యాబులో పనిచేసే పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. సీసం ఇప్పుడు మా ల్యాబులో ముందే మట్టిలో కలుస్తుంది. స్టేషన్లో కూర్చోబెట్టిన దొంగ మాకు వద్దు.

ఈ ఉదయం విప్పిన సంచి కొమురయ్య కాకదే. ఏటా ఎండాకాలం వస్తాడు, ఇవాళ రిపోర్టు కోసం బల్ల అవతలే ఉన్నాడు. పోయిన నెల మా పక్క వీధిలోనే కొత్త ల్యాబు పెట్టారు, ఏసీ ఉంది, రిపోర్టు తొందరగా ఇస్తారు. అక్కడికి పోరాదా, మమ్మల్ని తిట్టిపోసినవ్ కదా అప్పుడు, అన్నాను కొంచెం ఎత్తిపొడుపుగానే. ఆ తిట్లు నేను మరిచిపోలేదని అతనికీ తెలియాలి కదా.

"తిట్టిన," అన్నాడు. "కానీ మాదే తప్పని చెప్పేటందుకు ఎండల పడి ఊరిదాంక వచ్చినోళ్ళు ఇంకెవ్వలున్నరు బిడ్డా? మీరిద్దరే వస్తిరి."

మీరిద్దరే అన్నాడు. పొగ రంగు పోయింది, నురగ దిగింది. హైడ్రోక్లోరిక్ పోసి మళ్ళీ కాచి, చల్లారాక ఫ్లాస్కు దించాను. చెరువు దగ్గర ఆగి ఉన్న ట్రాక్టరతను కాకకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. కాక దాన్ని కట్ చేసి, బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి ముందుకు వంగాడు. కట్ట మీద విన్నప్పటినుంచి ఏటా అడిగే మాటే అడిగాడు.

"అడుగు చూసినవా?"

"చూస్తాన్న, ఆగు," అని విసుక్కుని, ఫ్లాస్కు మెడ పట్టుకుని కిటికీ వైపు ఎత్తాను.